ఆసుపత్రులలో చేతితొడుగులు

2020వ సంవత్సరము ఏప్రిలు మాసాంతమున కోవిడు వ్యాధి రాష్ట్రములోని తక్కిన జిల్లాలన్నిటికంటె కర్నూలు జిల్లాను హెచ్చుగా పీడించుచుండిన దినములను మా పాఠకులు మరచియుండరు. జనులు గ్లౌజు అని పిలుచు రబ్బరు తొడుగు అంతవరకు ఆపరేషను గదిలోని వస్తువు. ఆ దినములలో నది వీధికి వచ్చినది. కూరగాయలమ్మువారును, దుకాణదారులును ఉదయము తొడిగినదానిని సాయంకాలమువరకు తీయక, ఆ చేతితోనే పైకము పుచ్చుకొని, ఆ చేతితోనే వంకాయలు తూచి, ఆ చేతితోనే ముఖముపై చెమట తుడుచుకొనిరి. సామాన్యజనులకు తొడుగులక్కరలేదనియు, చేతులు కడుగుకొనుటయే మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సంవత్సరమే చెప్పినది. వ్యాధి తగ్గినది గాని తొడుగునుగూర్చిన భ్రమ తగ్గలేదు. ఆ భ్రమ వీధిలో నిలిచిన మాకంతగా చింతలేదు. ఆసుపత్రిలో నిలుచుటయే మా భయమునకు కారణము.

దీని పుట్టుకను చూడుడు. 1889–90 ప్రాంతమున అమెరికాలోని బాల్టిమోరు నగరమందు జాన్స్ హాప్కిన్సు ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యునియొద్ద కరోలిన్ హాంప్టన్ అను నర్సు పనిచేయుచుండెను. శుద్ధికై వాడు పాదరసపు మందుచే ఆమె చేతులు పొక్కుచుండగా, ఆయన గుడ్‌యియర్ రబ్బరు కంపెనీకి వ్రాసి పలుచని తొడుగులు చేయించెను. అనగా నది మొదట వచ్చినది రోగికొరకు గాదు, ధరించినవారి చేతికొరకు. రోగి గాయము చీముపట్టుట కూడ దానివలన తగ్గునని వైద్యులు గ్రహించుటకు మరికొన్ని యేండ్లు పట్టినది. నూటముప్పది యేండ్లు గడచినను, పెక్కుచోట్ల ఆ మొదటి యుద్దేశమే మిగిలి, రెండవది మరుగుపడినది.

ఒక రోగి పుండు కట్టు విప్పిన తొడుగుతోనే రెండవ రోగి సెలైను గొట్టమును సరిచేయుట, మధ్యలో ఆ చేతితోనే సెల్‌ఫోను నెత్తుట, కలము పట్టుట, తలుపు గడియ తీయుట, ఇవి చూడనివారు తక్కువ. తొడిగినవారి చేయి శుభ్రముగానే యుండును. మంచము మంచమునకు సూక్ష్మజీవులు మాత్రము నిశ్చింతగా ప్రయాణము చేయును. వట్టి చేతికి నెత్తురంటిన మనుష్యుడు తనంతతానే కుళాయికడకు పోవును. తొడుగు గల చేతికి ఆ అసహ్యము తెలియదు. కావున మార్చని తొడుగు వట్టి చేతికంటె రోగికి హెచ్చు అపాయకరమని చెప్పుటకు మేము సందేహింపము. ఒక రోగికి ఒక జత; అదే రోగికైనను మలినమైన పనినుండి శుభ్రమైన పనికి మారునపుడు మరియొక జత. తొడుగుకు ముందును, తీసిన పిదపను చేతిశుద్ధి తప్పదు.

మన సీమలో నీ మాటకు మరియొక బరువు గలదు. కె. సి. కాలువ పారు పల్లెల సంగతి యెట్లున్నను, ఆలూరు, పత్తికొండ వైపున వేసవిలో బిందెడు నీటికి బారులు తీరుదురు. నీరు లేనిచోట తొడుగు కడుగుటకు బదులుగా దాపురించును. అట్లు జరుగకుండ ఆల్కహాలు ద్రవమును ప్రతి మంచముకడ నుంచుట చవుకైన యుపాయము. చేతికి కంటికగపడు మురికి లేనప్పుడు, దానిని అరచేతులందును, వ్రేళ్ల సందులందును ఆరువరకు రుద్దిన చాలును. అయితే దానిని తొడుగుపై పూసి మరల వాడుట పొదుపుగా గొందరు తలచుచున్నారు. ఆ ద్రవము చర్మమునకు చేసినది గాని రబ్బరుకు గాదు.

ధరించుటకంటె విడుచుటయే కష్టము. మణికట్టుకడ వెలుపలి యంచును పట్టి, లోపలిది వెలుపలికి వచ్చునట్లు ఒకదానిని లాగి, తొడుగున్న చేతి గుప్పిట నుంచుకొని, వట్టి వ్రేలిని రెండవదాని లోపలికి జొనిపి, మొదటిదానిని మింగునట్లు తిరుగద్రిప్పవలెను. ఎంత నేర్పుతో దీసినను చేతికి మాలిన్యమంటుట కలదు. క్రొత్త పెట్టెలోనైనను కొన్నిటికి కంటికి కానరాని రంధ్రములుండుట తయారీ ప్రమాణములే యొప్పుకొన్న సంగతి. ఉంగరములును, పెరిగిన గోళ్లును వీనిని చించును. నూనెయు, వాసెలీనును లేటెక్సును మెత్తబరచును. నలుబది డిగ్రీలు దాటు మన యెండలో కిటికీ ప్రక్కన పెట్టెలను పేర్చుట కూడ వానిని చెఱచుటయే. లేటెక్సు కొందరి యొడలికి పడదు. వారికి నైట్రైలు తొడుగులు వాడవలెను. పొడి చల్లిన తొడుగులను అమెరికాలో 2017 జనవరినుండి నిషేధించిరి.

అక్కరలేనిచోట వాడకుండుటయు సద్వినియోగమే. జ్వరము చూచుటకును, రక్తపుపోటు కొలుచుటకును, చర్మము చెక్కుచెదరనిచోట కండకు టీకా వేయుటకును తొడుగులు వలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సూది గ్రుచ్చుకొనుటను తొడుగు ఆపజాలదు. లండనులో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీటు పిల్లల ఆసుపత్రివారు 2018లో ఈ విషయమై నర్సులకు శిక్షణ నిచ్చి లక్షలకొలది తొడుగుల వాడుకను తగ్గించిరి. ధనికదేశపువారు లెక్కచూచుకొనుచుండగా మనము చూచుకొనకుండుట యేమి?

రైతులకు వేరుగ నొకమాట. ఆదోని ప్రాంతమున ప్రత్తికి మందు కొట్టువారు మందుల దుకాణములో కొన్న ఈ పలుచని తొడుగులనే ధరించుచున్నారు. పురుగుమందులలోని నూనెలును, ద్రావకములును పలుచని లేటెక్సులో దూరును. చేతికి మంట తెలియునప్పటికే ఆలస్యమగును. వారికి వలసినది మోచేతివరకు వచ్చు మందమైన నైట్రైలు తొడుగు. కూలివానికి దానిని కొనియిచ్చుట కామందుల పని.

వాడిన తొడుగుల గతి యేమి? 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమముల ప్రకారము అవి ఎఱ్ఱ సంచిలో బడి, ఆవిరిచే శుద్ధియై, తునుకలు కావలెను. తునుకలు కానిది మరల పెట్టెలోనికి వచ్చుట అసంభవము గాదు. కోవిడు కాలమున థాయిలాండులో వాడిన తొడుగులను క్రొత్త పెట్టెలలో నింపి యమ్మినవారు పట్టుబడిరి; నవీ ముంబయిలో 2020 ఆగస్టున పోలీసులు అట్టి సరకునే పట్టుకొనిరి. కడపలోగాని కర్నూలులోగాని చిన్న నర్సింగుహోములనుండి చెత్తకుప్పకు చేరు తొడుగులు ఎవరి చేతబడుచున్నవో పురపాలక సంఘములు విచారింపవలెను.

కర్నూలు సర్వజన ఆసుపత్రికి మన జిల్లాలనుండియే గాక తెలంగాణము, కర్ణాటకములనుండి కూడ రోగులు వచ్చుచున్నారు. కడపలో 2006లో నెలకొల్పిన రిమ్సుకు చుట్టుప్రక్కల పల్లెలన్నియు దిక్కు. ఇంతటి సమ్మర్దములో నర్సునొక్కతెనే తప్పుపట్టుట న్యాయముగాదు. పదిజతలిచ్చి ముప్పదిమంది రోగుల నప్పగించినప్పుడు ఆమె యేమి చేయగలదు? ఆసుపత్రి అభివృద్ధి సంఘములలో కూర్చుండు పెద్దలు గోడల రంగులనుగూర్చి మాటలాడుటకు ముందు, గడచిన నెలలో వార్డునకెన్ని జతలు వచ్చినవి, ఎన్ని సీసాల ఆల్కహాలు ద్రవము ఖర్చయినది, కుళాయిలెన్ని పనిచేయుచున్నవి అను మూడు లెక్కలను అడిగి, వానిని నోటీసు బోర్డుపై వ్రాయింపవలెను. రోగి బంధువులును, కట్టు విప్పుటకు ముందు “అమ్మా, కొత్త గ్లౌజులు వేసుకొంటిరా?” అని మర్యాదగ నడుగుటకు జంకనక్కరలేదు.