తెల్లారేసరికి లేవని పాప

నా చిన్నప్పుడు మా వీధిలో ఒకావిడ మూణ్ణెల్ల పాప రాత్రి పాలు తాగి పడుకుని, తెల్లారేసరికి లేవలేదు. పరామర్శకి వచ్చినవాళ్లు గుమ్మం దిగాక అనుకున్న మాటలు నాకింకా గుర్తే. "మొద్దునిద్ర మనిషి, పక్కకి ఒత్తిగిలి ఉంటుంది." "పాలు పొరబోయాయేమో, చూసుకోవద్దూ?" ఇంకొకావిడయితే "కంటతడైనా పెట్టలేదమ్మా" అంది. పాప ఎందుకు పోయిందో ఒక్కరికీ తెలీదు. తప్పు తల్లిదని మాత్రం అందరికీ తెలుసు!

ఆస్ట్రేలియాలో కాథలీన్ ఫోల్‌బిగ్ కేసు గురించి చదువుతుంటే ఆ వీధే కళ్లముందుకొచ్చింది. 1989కీ 1999కీ మధ్య ఆమె పిల్లలు నలుగురూ ఒకరి తరవాత ఒకరు పసితనంలోనే పోయారు. ఊపిరాడకుండా చేసి ఆమే చంపిందని 2003లో కోర్టు 40 ఏళ్లు శిక్ష వేసింది. అప్పీలులో అది 30 అయింది. పిల్లల ఒంటిమీద అందుకు ఆనవాళ్లు లేవు, చూసినవాళ్లూ లేరు. ముఖ్యంగా పట్టుకున్నది ఆమె డైరీని. తనని తాను నిందించుకుంటూ రాసుకున్న మాటల్ని నేరం ఒప్పుకోవడంగా చదివారు. రాత్రంతా ఏడ్చే బిడ్డని ఎత్తుకుని తిరుగుతూ మనం మనసులో అనుకునేవన్నీ కాగితం మీద పెడితే మనలో ఎంతమంది బయట మిగులుతామో!

తరవాత శాస్త్రవేత్తలు ఆ కుటుంబం జన్యువులు పరీక్షించారు. ఆడపిల్లలిద్దరికీ తల్లినుంచి వచ్చిన కాల్మ్-2 అనే జన్యువులో తేడా ఉంది. అది గుండె లయని ఉన్నట్టుండి తప్పించగలదు. ఆఖరి పాపకి గుండె కండరం వాపు ఉందని పోస్టుమార్టంలో ముందే కనబడింది. మగపిల్లల్లో ఒకడికి ఫిట్స్ ఉండేవి. 2023 జూన్‌లో ఆమెకి క్షమాభిక్ష ఇచ్చి వదిలారు, డిసెంబరులో శిక్షలన్నీ కొట్టేశారు. అప్పటికి 20 ఏళ్లు జైల్లోనే గడిచిపోయాయి.

ఇంగ్లాండులో శాలీ క్లార్క్‌ని ముంచింది లెక్క. ఇద్దరు మగపిల్లలు పోతే 1999లో ఆమెకి యావజ్జీవం పడింది. పేరున్న పిల్లల వైద్యుడు రాయ్ మెడో, అలాంటి కలిగిన కుటుంబంలో ఇటువంటి చావు 8,543 మందిలో ఒక్కరికే వస్తుంది, ఇద్దరికి రావాలంటే దాన్ని దానితోనే గుణించాలి, అంటే 7 కోట్ల 30 లక్షలకి ఒకసారి అన్నాడు. ఒకే ఇంట్లో పుట్టిన పిల్లలకి జన్యువులూ ఇల్లూ ఒకటే కదా, ఇద్దర్నీ సంబంధం లేనివాళ్లలా గుణిస్తే ఎలా? తప్పని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో చెప్పింది. రెండోవాడి ఒంట్లో సూక్ష్మక్రిములు దొరికిన రిపోర్టు అసలు కోర్టుకే రాలేదు. 2003లో విడుదలైంది, 2007లో 42 ఏళ్లకే పోయింది.

డాక్టర్ల అనుమానం ఉత్తదేమీ కాదు. అమెరికాలో వనీటా హోయిట్ పిల్లలు అయిదుగురు పోతే, అందులో ఇద్దరి చావుని వంశపారంపర్య జబ్బుకి రుజువుగా 1972లో వైద్య పత్రికలో రాశారు. ఆమె చంపిందని 1995లో తేలింది. అంటే పొరపాటు రెండువైపులా ఉంది.

మరి తేడా తెలిసేదెలా? మెత్తటి దిండుతో ఊపిరాపినా, నిద్రలో దానంతటది ఆగిపోయినా పోస్టుమార్టంలో చాలాసార్లు ఒకేలా కనిపిస్తాయి. ఎముకలు విరిగినా, తలలో రక్తం కారినా, చెప్పిన కథకీ దెబ్బకీ పొంతన లేకపోయినా అనుమానించాల్సిందే. అవేవీ లేనప్పుడు ఎక్కడ, ఎలా పడుకోబెట్టారో చూడాలి, ఇన్ఫెక్షన్లూ పుట్టుజబ్బులూ వెతకాలి, ఇప్పుడైతే జన్యువులు కూడా. ఇన్నీ చూశాక కూడా కారణం దొరకని, ఏడాదిలోపు బిడ్డ మరణాన్నే సిడ్స్ అంటారు. అది జబ్బు పేరు కాదు, తెలీలేదని ఒప్పుకోవడం. బోర్లా పడుకోబెట్టమని ఒకప్పుడు చెప్పిందీ డాక్టర్లే. 1990ల మొదట్లో బ్రిటన్‌లో వెల్లకిలా పడుకోబెట్టమన్నాక ఇలాంటి చావులు సగానికి పైగా తగ్గాయి. అంతకుముందు పోయిన పిల్లల తల్లులు ఎన్ని మాటలు పడ్డారో!

మన ఇళ్లలో పసిబిడ్డ పోతే సాయంత్రంలోపే తీసుకెళ్లిపోతారు, వెతికేదెవరు? మా వీధిలో ఆవిడకి తరవాత ఇద్దరు పుట్టారు. ఏడాది నిండేదాకా ఏ రాత్రీ నడుం వాల్చకుండా గోడకానుకుని కూర్చునేదని మా అమ్మ చెప్పేది.