జిగురు తింటే కండ వస్తుందా?

పిల్లలూ! కొల్లాజెన్ అనే పొడిని ఈమధ్య డబ్బాల్లో పోసి అమ్ముతున్నారు. అది తాగితే కండలు పెరుగుతాయంటారు. వెల కూడా తక్కువేమీ కాదు. కొనేముందు అదేమిటో చూద్దాం.

మేకకాళ్ళ పులుసు చల్లారితే గడ్డకట్టి, గిన్నె కదిపినప్పుడల్లా వణుకుతుంది, చూశారా? కాళ్ళలో వుండే కొల్లాజెన్ ఉడికి జెలటిన్‌గా మారటంచేత అలా అవుతుంది. కొల్లాజెన్ ఒక మాంసకృత్తు. మన ఒంట్లో వున్న మాంసకృత్తుల్లో దాదాపు మూడోవంతు ఇదే. కండను ఎముకకు కట్టివుంచే పగ్గాలు దీనితో తయారైనవే. గ్రీకు భాషలో ‘కొల్ల’ అంటే జిగురు.

ఈ జిగురును నమ్ముకుని పందొమ్మిదవ శతాబ్దంలో పారిస్ నగరంలో ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. ఎముకలు చవక, మాంసం ప్రియం. అందుచేత ఎముకలనుంచి తీసిన జెలటిన్‌తో చారు కాచి, ఆసుపత్రుల్లో బీదలకు పోశారు. తాగినవారికి అది నచ్చలేదు. అందులో నిజంగా బలం వున్నదా అని పండితుల మధ్య తగవు వచ్చింది. తేల్చటానికి మజాందీ అనే శాస్త్రజ్ఞుడూ, మరికొందరూ కుక్కలమీద పరీక్షలు చేశారు. ఒక్క జెలటిన్‌మీదనే వుంచిన కుక్కలు చిక్కిపోయి, చివరకు బతకలేదు! 1841లో మజాందీ ఆ సంగతి బయటపెట్టాడు. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

మాంసకృత్తు పూసలదండ వంటిది. పూసలను అమైనో ఆమ్లాలంటారు. మనం ఏ దండ తిన్నా కడుపులో తెగి పూసలైపోతుంది. శరీరం ఆ పూసలతో తనకు కావలసిన దండలు గుచ్చుకుంటుంది. అంటే, తిన్న కొల్లాజెన్ తిన్నగా వెళ్ళి జబ్బలో కూర్చోదన్నమాట. మన శరీరం స్వయంగా చేసుకోలేని పూసలు 9 వున్నవి. వాటిలో ట్రిప్టోఫాన్ అనేది కొల్లాజెన్‌లో బొత్తిగా లేదు. కండ కట్టే పని మొదలుపెట్టించే ల్యూసిన్ కూడా తక్కువే. పాల మాంసకృత్తులో అది సుమారు మూడురెట్లు వుంటుంది.

అలా అని డబ్బా ఉత్త మోసమనటానికీ లేదు. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో 53 మంది వృద్ధులచేత 12 వారాలు బరువులెత్తించారు. రోజుకు 15 గ్రాముల కొల్లాజెన్ తీసుకున్నవారికి, ఉత్తుత్తి పొడి తాగినవారికన్నా కొవ్వు కాని బరువు ఎక్కువగా పెరిగింది. కాని కొల్లాజెన్ లేనివారికి కూడా కొంత పెరిగింది మరి! పైగా దాన్ని పాలతో పోల్చి చూడలేదు. 2020లో అలా పోల్చినప్పుడు పాల విరుగుడు మాంసకృత్తే కండ తయారీని బాగా పెంచింది.

మన పప్పన్నం సంగతి చూడండి. బియ్యంలో లైసిన్ అనే పూస కొరత, కందిపప్పులో అది పుష్కలం. పప్పులో కొరతపడే మెథియోనిన్‌ను బియ్యం తెచ్చిపెడుతుంది. పక్కన గడ్డపెరుగో, గుడ్డో వుంటే ల్యూసిన్‌కు కూడా లోటుండదు.