గృహపరిశ్రమలు: వెండిగాజు పూసలు

పూస చిన్నదే యైనను దాని ప్రయాణము చిన్నది కాదు. మా శ్రీకూర్మమునకు అనతిదూరమున, వంశధార సముద్రమున గలియుచోట, కళింగపట్టణమను పురాతనపు రేవు గలదు. ఇట్టి తూర్పుతీరపు రేవులనుండియే యొకప్పుడు మన సరకులు సముద్రములు దాటెను. ఆ సరకులలో గాజుపూస యొకటి. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో రెండువేల యేండ్లనాడు చేసిన చిన్నపూసల వంటివి ఆగ్నేయాసియా దేశములందును, ఆఫ్రికా తీరమునందును దొరకినవి. కనుకనే పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికా పండితుడు వానికి ఇండో-పసిఫిక్ పూసలని పేరిడెను.

ఆ ప్రాచీనపద్ధతి మన తెలుగునాట, నేటి తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేటలో, ఇరువదవ శతాబ్దము కడపటి భాగమువఱకును నిలిచియుండుట ఆయన కనుగొనెను. అచ్చటి పనివారు కొలిమిలో కరగిన గాజుముద్దనుండి సన్నని గొట్టమును లాగి, దానిని చిన్నచిన్న ముక్కలుగా నఱికి, ఆ ముక్కలను బూడిదతో గలిపి మరల కాచి, అంచుల వాడిని పోగొట్టుచుండిరి. ఇది వేలకొలది పూసల నొక్కమాఱే పుట్టించు విద్య.

ఈ నెల మేము చెప్పదలచినది దానికి తోబుట్టువైన మఱియొక విద్య. కాశీలోను, ఉత్తరప్రదేశమునందలి పుర్దిల్‌నగరులోను పనివారు జ్వాలయెదుట గూర్చుండి, గాజుకడ్డీని కరగించి, తీగపై జుట్టి, ఒక్కొక్కపూసనే చేయుదురు. పూర్వము నూనెదీపపు మంటను ఊది యీ పని చేసెడివారు గాన దీనికి దీపపు పని యని పేరు వచ్చెను. నేడు గ్యాసుతో ప్రాణవాయువును గలిపి మండించు టార్చి వాడుక యైనది. చేతిపని యందు ఆసక్తిగల సోదరీమణులు కొందఱు దీనిని నేర్చి, విదేశములనుండి వెండిగాజు కడ్డీలను తెప్పించుచున్నారు. సాధారణపు గాజుకంటె వీని వెల యెన్నోరెట్లు హెచ్చు. తీఱ పూస చేసిచూడగా, బొమ్మలో గనిపించిన నీలముగాని ఊదాగాని రాక, బురదరంగు వచ్చును. కడ్డీ మంచిది కాదని విచారింతురు. లోపము కడ్డీలో లేదు. వెండిగాజునందలి రంగును అంగడిలో కొనలేము. జ్వాలలో మనమే రప్పింపవలయును.

వెండి స్వభావము

వెండి గాజులో సంపూర్ణముగా కరగియున్నంతకాలము రంగు గనిపింపదు. అది లోహమై, కంటికందని కణములుగా గూడినప్పుడే వర్ణము పుట్టును. మిక్కిలి సూక్ష్మమైన కణములవలన పసుపువన్నె వచ్చును. కణముల పరిమాణమును, కూర్పును మాఱినకొలది ఇతరవర్ణములు తోచును. ఐరోపాలోని దేవాలయముల కిటికీ యద్దములకు పదునాలుగవ శతాబ్దారంభమునుండి పసుపురంగు వేసినది వెండితోనే. అంతకు వేయియేండ్లు ముందుగా రోమనులు చేసిన లైకర్గసు పాత్ర లండనునగరమందలి బ్రిటిషు మ్యూజియములో నున్నది. వెలుతురు పైబడినప్పుడు అది పచ్చగాను, లోపలనుండి వెలిగించినప్పుడు ఎఱ్ఱగాను గనబడును. ఆ గాజులో పదిలక్షల పాళ్లకు వెండి సుమారు 300 పాళ్లు, బంగారము సుమారు 40 పాళ్లు మాత్రమే యున్నవట! ఇంత వింతకు అంత స్వల్పము చాలినది.

వెండికి మఱియొక గుణము గలదు. దేవునిగూటిలోని వెండికుంది కొన్నాళ్లకు నల్లబడుట మన మందఱ మెఱిగినదే. గాలిలోని గంధకపు అంశము దానికి గారణము. గంధకముగల దంతపురంగు గాజుపై వెండిఱేకును గాని వెండిగాజును గాని వేసి కాచినచో, ఆ రెండును గలిసినచోట నల్లని గోధుమవన్నె గీతలు అల్లుకొనును. దీనిని తెలియక చేసినచో మరక యగును. తెలిసి చేసినచో అలంకార మగును.

రెండు తెగలు

వెండిగాజులలో ముఖ్యముగా రెండు తెగలు గలవు. మొదటిది పొగసెగకు మెఱుగెక్కునది. పూసను గుండ్రముగా జేసిన పిమ్మట, దాని యెఱుపు తగ్గువఱకు జ్వాలకు వెలుపల నుంచి, ప్రాణవాయువును కొంచెము తగ్గింపవలెను. గాలి చాలని దీపమువలె జ్వాల పొడవై పసుపుగా మాఱును. అట్టి జ్వాల తనకు గొఱతపడిన ప్రాణవాయువును గాజు పైపొరనుండి లాగుకొనును. అంతట అచ్చటి వెండి లోహమై తేలి, నెమలికంఠపు నిగనిగను జూపును. కొన్ని క్షణములు చాలును. ఎక్కువసేపుంచిన బూడిదరంగై మసకబాఱును. అప్పుడు ప్రాణవాయువు సమృద్ధిగా నున్న జ్వాలలో కాచి ఆ పొరను పోగొట్టి మరల ప్రయత్నింపవచ్చును. మెఱుగెక్కిన పూసపై తెల్లని స్వచ్ఛమైన గాజును పలుచగా గప్పినచో లోతు హెచ్చును.

రెండవది కాచి, చల్లార్చి, మరల కాచినగాని రంగు రానిది. అరిసెలపాకము పట్టునప్పుడు మనము గిన్నెను ఎట్లు కనిపెట్టియుందుమో దీనిని అట్లే కనిపెట్టియుండవలెను. ముందుగా మంచి వేడిజ్వాలలో గాజు నిర్మలమగువఱకు కరగింపవలెను. పిదప జ్వాలనుండి తీసి, ఎఱుపు పూర్తిగా పోవువఱకు త్రిప్పుచుండవలెను. మరల జ్వాల చివరనుండు మెత్తని సెగలో మెల్లగా కాచినచో, మొదట పసుపు, ఆపై ఎఱుపు, ఊదా, నీలములు ఒకదానివెంట నొకటి తొంగిచూచును. ఈ చల్లార్చుట, కాచుట రెండుమూడు సారులు చేయవలసియుండును. కోరినరంగు రాగానే ఆపవలెను. ఇంకను మేలైనది వచ్చునను నాశతో కాచుచుపోయినచో పాకము ముదిరినట్లే, రంగు పాలవలె విఱిగి మట్టివన్నెకు దిగును. నిర్మలమగునట్లు కరగించి మొదటినుండి యారంభింపవచ్చును గాని, పలుమాఱులు చేసిన కొలది గాజునందలి చేవ తగ్గును.

పొదుపు

ఇంత వెలగల గాజుతో పూస యంతయు చేయనక్కఱలేదు. నల్లని సాధారణపు గాజుతో లోపలిపూసను జేసి, దానిపై వెండిగాజును సన్ననిదారముగా లాగి చుట్టినను, పొడిగా అద్దినను చాలును. నలుపుపైననే మెఱుగు చక్కగా తేలును. ఐతే లోపలి గాజును, పైగాజును ఒకే వ్యాకోచము గలవై యుండవలెను. ఈ పనికి వాడుకలోనున్న మెత్తనిగాజు 104 అను అంకెతో అమ్మబడును. వెండిగాజులు పెక్కు లా తెగవే. చిట్లిన చేతిగాజుల ముక్కలను, సీసాపెంకులను వీనితో గలిపినచో, చల్లాఱునప్పుడు ఒకటి ఎక్కువగాను ఒకటి తక్కువగాను ముడుచుకొని పూస పగులును.

పూసను జ్వాలనుండి తీసి బల్లపై బెట్టరాదు. విద్యుత్‌కొలిమిలో సుమారు 500 మొదలు 520 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో అరగంటకు తక్కువ కాకుండ నుంచి, పిదప గంటలతరబడి మెల్లగా చల్లార్పవలెను. కడ్డీ తయారుచేసినవారు వేఱు అంకె జెప్పినచో దానినే పాటింపవలెను. ఈ యోపిక లేనిచో నేడు అమ్మినపూస మఱునెలలో కొన్నవారి మెడలోనే చిట్లును. వారు మరల మన గడప త్రొక్కరు.

జాగ్రత్తలు

ఈ పని వంటయింట ఎన్నడును చేయరాదు. గ్యాసుబండ, ప్రాణవాయువు, వేడిగాజు ఉన్నచోట పిల్లలు తిరుగరాదు. పొగ వెలుపలికి పోవుటకు విసనకఱ్ఱయంత్రముతో గూడిన గొట్టముండవలెను. వెండి కాచునప్పుడు లేచు ఆవిరి పీల్చదగినది కాదు. కరగుగాజు పసుపుపచ్చని తీక్ష్ణకాంతిని జిమ్మును గాన డిడీమియము కండ్లద్దములు ధరింపవలెను. పైట నడుమునకు బిగించి, జడను ముడివేసి, నూలుబట్టలే కట్టవలెను. తీగకు పూసిన మన్ను పూసలోపల ఎండియుండును. దానిని నీటిలో ముంచియే తోమవలెను, ధూళిగా ఊదరాదు.

ఒక చిన్నపుస్తకమును దగ్గఱ నుంచుకొని, ఏ కడ్డీని ఎన్ని సారులు చల్లార్చినప్పుడు ఏ రంగు వచ్చెనో ప్రతిపూసకును వ్రాసికొనుడు. మొదటి నూఱుపూసలు సాధారణపు గాజుతో గుండ్రముగా చేయుట నేర్చిన పిమ్మటనే వెండిగాజును ముట్టుకొనుడు. పాపానాయుడుపేటవారికి కడ్డీలెవరును తెచ్చియీయలేదు; గాజు గుణము వారి చేతికి తెలిసియుండెను. ఆ తెలివి మన చేతికిని వచ్చినచో, రంగు వచ్చుట ఇక అదృష్టముపై నాధారపడదు.

ఈ పూసలను దండగా గ్రుచ్చు విధమును వచ్చునెల వ్రాయుదుము.