తీగ దోషం

మా నాన్నగారి డాడ్జి కింగ్స్‌వే కారును మీరు చూసి వుండరు. 1950ల నాటి అమెరికా బండి. క్రైస్లరు కంపెనీ భాగాలు తెప్పించి, బొంబాయిలో ప్రీమియర్ కంపెనీవారు బిగించినది. నాన్నగారు పోయాక దాన్ని పోషించడం నా వంతయింది. "పోషించడం" అన్నమాట మా ఆవిడది.

మొన్న కార్తీక పున్నమికి మైపాడు వెళ్ళాం. సముద్రస్నానం అయింది, పులిహోర అయింది. తీరా బయలుదేరబోతే కారు కదలదు. తాళం తిప్పితే ఇంజను ఒక్క మూలుగు మూలిగి వూరుకుంటుంది. పాలెం కుర్రాళ్ళు నలుగురు తోస్తే ఎలాగో ఇల్లు చేరాం.

"బ్యాటరీ చచ్చిందండీ" అన్నారు పక్కింటాయన. కొత్తది వేశాం. మళ్ళీ అదే మూలుగు. "స్టార్టరు కాలిపోయింది నాన్నా" అన్నాడు మా అబ్బాయి. అని వూరుకోక, పాత ఇనుము కొనేవాణ్ణి సోమవారం రమ్మన్నాడు కూడాను.

శనివారం తెల్లవారకుండా చెన్నై రైలెక్కాను. పుదుప్పేటలో కొట్టుకొట్టూ తిరిగాను. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరుకు సామాను వుంది గాని, డాడ్జి అంటే అందరూ తల అడ్డంగా తిప్పేవాళ్ళే. ఒక పెద్దాయన మాత్రం, "కారు పేరు చెప్పి అడక్కండి, ఇంజను నంబరు చెప్పి అడగండి. ఆ జాతి ఆరు సిలిండర్ల ఇంజన్లు డాడ్జి లారీలకూ వేశారు" అన్నాడు. బంగారంలాంటి మాట. నంబరు రాసుకు వెళితేగా!

ఆదివారం ముసలి మేస్త్రికి కబురంపాను. ఆయన సంచీ విప్పనేలేదు. నన్ను తాళం తిప్పమని, బ్యాటరీ తీగమీద చెయ్యివేశాడు.

"సారూ, పట్టుకు చూడండి."

చురుక్కుమంది.

"ఇది ఆరు వోల్టుల బండి. ఇప్పటివి పన్నెండు. వోల్టులు సగమైతే అదే పనికి కరెంటు రెండింతలు పారాలి గదా! ఎవరో మహానుభావుడు ఇప్పటి కార్ల సన్నతీగ వేశాడు. స్టార్టరుకు చేరవలసిన బలమంతా తీగలోనే వేడెక్కి పోతోంది."

ఆ మహానుభావుణ్ణి నేనే. నిరుడు చవకగా వస్తే కొన్నాను. ఆ సంగతి పైకి చెప్పలేదు.

తీగ బాడీకి కలిసేచోట ఉప్పుగాలికి చిలుము పట్టింది. లోహం మెరిసేదాకా గీకించాడు. మా వీధి చివర వెల్డింగు కొట్లో దొరికే లావు రాగితీగ తెప్పించి బిగించాడు. "ఈ బండికి బాడీకి కట్టేది ప్లస్సు. ఇప్పటి కార్లలాగా మైనస్సు కాదు" అని హెచ్చరించాడు. సముద్రానికి వెళ్ళొచ్చినప్పుడల్లా అడుగుభాగం మంచినీళ్ళతో కడిగి, బ్యాటరీ మొనలకు వాజలైను రాయమన్నాడు.

తాళం తిప్పాను. నాన్నగారి నాటి గొంతుతోనే పలికింది. మా అబ్బాయి గుమ్మంలోకి వచ్చి, కాసేపు నిలబడి, "సోమవారం వాణ్ణి రావద్దంటాను" అన్నాడు.

అయినా వాడు వచ్చాడు. వుత్త చేతులతో పంపడమెందుకని అటకమీది పాత సామాను దింపుతుంటే, మా ఆవిడ లోపలినుంచి అడిగింది:

"మీరు నిరుడు కొన్న ఆ సన్నతీగ కూడా ఇచ్చెయ్యనా?"