పాత ఫ్లాటూ, నా ఎస్టిమేటూ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, పాత ఫ్లాటు కొని రిపేరు చేయించి చూడు అనడం మర్చిపోయారు. ఆ లోటు నేను తీరుస్తాను.

కిందటేడు కూకట్‌పల్లిలో ఇరవై రెండేళ్ళ నాటి డబుల్ బెడ్రూం ఫ్లాటొకటి అద్దెకిద్దామని కొన్నాను. ఓ ఆదివారం గంటసేపు చూసి లెక్కేశా: రంగులు, రెండు బాత్రూములు, కాస్త కరెంటు పని... లక్షన్నర. చివరికి తేలింది మూడు లక్షల నలభై వేలు! పాత కోడు తెరిచి కూడా చూడకుండా 'రెండ్రోజుల పనండీ' అనేవాడిని చూసి ఆఫీసులో నవ్వుతుంటా. ఇక్కడ నేను చేసిందీ అదే.

మొదటి తప్పు కొలతల్లో. బాత్రూం అయిదడుగులు ఇంటూ ఏడు, 35 చదరపు అడుగుల టైల్సే కదా అనుకున్నా. గోడలో? చుట్టుకొలత 24 అడుగులు, ఏడడుగుల ఎత్తు వరకూ వేస్తే 168. తలుపు తీసేస్తే సుమారు 150. నేలతో కలిపి 185. కోతల్లో పోయే ముక్కలకి పది శాతం కలిపితే 200 పైమాటే. ఇక పగలగొట్టిన రద్దు మూడో అంతస్తు నుంచి దింపించే కూలీ నా లెక్కలోనే లేదు.

రెండోది, కనబడనివి. టైల్స్ తీస్తే లోపల జీఐ పైపులు తుప్పుపట్టి పూడుకుపోయి ఉన్నాయి. అన్నీ తీసేసి సీపీవీసీ వేయించాల్సొచ్చింది.

మూడోది, టైము. పదిరోజులన్న పని ఏడు వారాలైంది. పద్దెనిమిది వేల అద్దె రెండు నెలలు పోయినట్టే. ఈఎంఐ, మెయింటెనెన్సు మాత్రం ఆగలేదు. ఖాళీగా ఉన్న నెలలు కూడా రిపేరు ఖర్చే.

రిపేరు బిల్లులు టాక్సులో తగ్గించుకోవచ్చులే అనుకుంటున్నారా? మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు ఇస్తారు. మీరు ఖర్చుపెట్టినా పెట్టకపోయినా అంతే.

అసలు సంగతి ఇంకోటుంది. మధ్యలో మేస్త్రీ ఓ సలహా ఇచ్చాడు. "అద్దెకిచ్చేదే కద సార్, వాటర్‌ప్రూఫింగ్ ఎందుకు? పుట్టీ కొట్టి రంగేస్తే రెండేళ్ళు కనబడదు." నలభై వేలు మిగులుతాయి. నిజం చెప్పొద్దూ, ఊగిపోయాను. ఆ సాయంత్రం కింద ఫ్లాటు పెద్దాయన పిలిచి వాళ్ళ బాత్రూం చూపించారు. మా బాత్రూం నుంచి కారే నీళ్ళకి వాళ్ళు బక్కెట్టు పెట్టుకుని మూడేళ్ళయిందట. ఆ బక్కెట్టు నా ఎక్సెల్ షీట్లో ఏ వరసలోనూ లేదు. వాటర్‌ప్రూఫింగ్ చేయించి, రెండ్రోజులు నీళ్ళు నిలబెట్టి, కింద చుక్క పడలేదని ఆయన చెప్పాకే టైల్స్ వేయించా.

నా అభిప్రాయం ఇది. బేరం కుదరకముందే డబ్బులిచ్చి ప్లంబర్నీ, ఎలక్ట్రీషియన్నీ తీసుకెళ్ళండి. కింద ఫ్లాటువాళ్ళని అడగండి. పని పనికీ విడిగా రేటు రాయించి, పైన పాతిక శాతం పక్కన పెట్టండి. ఆ మొత్తం మీ అద్దెకి గిట్టుబాటు కాకపోతే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి. అంతేగానీ నీళ్ళ దగ్గర, కరెంటు దగ్గర కక్కుర్తి పడొద్దు. అది పొదుపు కాదు. మన బిల్లు అద్దెకున్నవాళ్ళకో, కిందింటివాళ్ళకో పంపించడం.