తాళపుచెవుల లెక్క

నిజాము రాష్ట్రమునకు 1950 వరకు స్వంత తపాలాశాఖ యుండెడిది. గద్వాల, వనపర్తి సంస్థానములును, నాగర్‌కర్నూలు తాలూకాయు ఆ రాష్ట్రములోనివే. ఆ శాఖవారి తపాలాబిళ్ల రాష్ట్రపు సరిహద్దులలోపలనే చెల్లెడిది. నడిగడ్డనుండి తుంగభద్ర దాటి కర్నూలు చేరవలసిన యుత్తరమునకు బ్రిటిషిండియా బిళ్ల యంటింపవలసి యుండెడిది. స్వంత తపాలా గౌరవమే. కాని యావలి యొడ్డువారు మన ముద్రను మన్నించిననే యుత్తరము ముందునకు సాగును.

ఈ పాత సంగతి నేడు జ్ఞప్తికి వచ్చుటకు కారణము కలదు. తమ ఈ-మెయిలును పరుల యంత్రములపై గాక స్వంత సర్వరుపై నడుపుకొనవలెనను కోరిక సంఘములలోను, కళాశాలలలోను గలుగుచున్నది. మన యుత్తరములు మన యింటనే యుండుట మంచిదే. అందులకు వలయు పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ మొదలగు సాధనములు ఉచితముగనే లభించుచున్నవి. కాని యంత్రమును నిలబెట్టుట కొలది దినముల పని. దానిపై నెవరెవరికి ఖాతాలున్నవో, ఏ తాళపుచెవి యెవరి చేతనున్నదో కనిపెట్టుట యేండ్ల తరబడి పని. మన సంఘములు మొదటి పనికి చూపు నుత్సాహమును రెండవదానికి చూపుట లేదు.

ఫలిత మెట్టిదో చూడుడు. గద్వాలలో నొక చేనేత సంఘమున్నదనుకొందము. గుమాస్తా పని మానిపోయెను. అతని ఖాతా మాత్రము మూయబడలేదు. అతడు పలుచోట్ల వాడిన పాస్‌వర్డే యిక్కడను వాడియుండుటచే నది దొంగల చేత బడినది. ఒక్క రాత్రిలో వేలకొలది మోసపుటుత్తరములు సంఘము పేర బయలుదేరును. పంపినవాని దొంగతనమును పట్టుటకు ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డిమార్క్ అను పరీక్షలు కలవు. గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరినుండి పెద్దమొత్తమున పంపువారికి వీనిని తప్పనిసరి చేసినవి. కాని యీ యుత్తరములు నిజముగా మన యింటినుండియే, మన ముద్రతోనే వెడలినవి, పరీక్షలన్నియు నెగ్గును. పుచ్చుకొను సర్వర్లు తప్పు గుమాస్తాదా, అధ్యక్షునిదా యని విచారింపవు. మన సర్వరునే నిషిద్ధుల పట్టికలో చేర్చును. మరునాడు చీరల బేరమునకై అధ్యక్షుడు వ్రాసిన జాబు వర్తకునికి చేరదు. మూయని ఖాతా యొక్కటి. నోరు మూయబడినది సంఘమంతటిది.

కావున మేము కోరునవి కొన్ని కలవు. పదవిని, మనిషిని వేరుచేయవలెను. కార్యదర్శి పేర వచ్చు జాబు కార్యదర్శి స్థానమునకు చెందునేగాని వ్యక్తికి గాదు. భారత ప్రభుత్వపు 2015 నాటి ఈ-మెయిలు విధానములో హోదా పేర నొకటియు, స్వంత పేర నొకటియు చిరునామాలుండుట యిందుకే. ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైనవి; అధికారులు మారుచుందురు, కచేరి నిలుచును.

మనిషి వెడలిన దినముననే ఖాతాకు తాళము వేయవలెను. ఉత్తరములను తొందరపడి చెరుపరాదు. నిర్ణీత కాలము భద్రపరచి పిదప తీసివేయవలెను. పాస్‌వర్డు మార్చుటతోనే సరిపోదు. అతని ఫోనులో తెరచియున్న ప్రవేశమును గూడ త్రుంచవలెను. నిర్వాహకుడు పరుల పాస్‌వర్డు లెరుగరాదు; సర్వరుపై నవి తిరిగి విప్పరాని రూపముననే యుండవలెను. పాస్‌వర్డుతోబాటు రెండవ సాక్ష్యము నడుగవలెను. ఒక్కొక్క ఖాతా గంటకెన్ని జాబులు పంపవచ్చునో హద్దు పెట్టవలెను. ఇంటర్నెట్టు నియమముల ప్రకారము ప్రతి మెయిలు సర్వరునకును ‘పోస్ట్‌మాస్టర్’ అను చిరునామా యుండితీరవలెను. దానిని చదువు మనిషియు నుండవలెను. మూడు మాసములకొకసారి ఖాతాల పట్టికను కార్యవర్గములో బిగ్గరగా చదువుట మంచిది.

చట్టమును మరువరాదు. సర్ట్-ఇన్ వారు 2022 ఏప్రిల్ 28న నిచ్చిన యాదేశముల ప్రకారము ఇట్టి చొరబాట్లను ఆరు గంటలలో తెలుపవలెను. సర్వరు నమోదులను 180 దినములు దాచవలెను. “మాకు తెలియలేదు” అను జవాబు కోర్టులో నిలుచునని మా వృత్తి యనుభవము చెప్పుట లేదు.

ఇంత శ్రమ యేల, పెద్ద కంపెనీకి అప్పగింపరాదా యని కొందరందురు. పాటుపడలేనివారు అట్లే చేయుదురుగాక. అందు సిగ్గు లేదు. కాని యంత్రము పరులదైనను ఖాతాల పట్టిక మనదే. వెడలినవాని పేరు కొట్టివేయవలసినది మనమే. పఠనమందిరములో నెవరే పుస్తకము గొనిపోయిరో వ్రాసియుంచు వారికి ఈ పని క్రొత్తదికాదు. స్వంత తపాలా కోరువారు ముందుగా నొక పుస్తకము తెరచి తమ తాళపుచెవుల లెక్క వ్రాసికొందురుగాక. లేనిచో తాళము వేసితిమి, గొళ్ళెము మరచితిమి యన్న మాట మన యెడల నిజమగును.