మంచు మీది గుడిసెకు ఏ హీటరు మంచిది?

అమెరికా ఉత్తర భాగాన మినెసోటా అనే రాష్ట్రం ఉంది. శీతకాలం వచ్చిందంటే అక్కడి సరస్సుల పైభాగం రాయిలా గడ్డకడుతుంది. రాత్రివేళ ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 20 డిగ్రీల సెంటిగ్రేడుకు పడిపోవడం అక్కడ వింత కాదు. అయినా మంచు కింద చేపలు హాయిగా తిరుగుతూనే ఉంటాయి. ఎందుకని? నీటికి 4 డిగ్రీల దగ్గర సాంద్రత అన్నిటికంటే ఎక్కువ. ఆ నీరు అడుగుకు చేరుతుంది. తేలికైన మంచుగడ్డ పైన తేలి, దుప్పటిలా కప్పి ఉంచుతుంది.

ఆ దుప్పటి బాగా మందమెక్కిన తరువాత జనం చిన్న చిన్న చెక్క గుడిసెలను సరస్సు మీదికి లాక్కొస్తారు. గుడిసె నేలలో ఒక కన్నం, దానికింద మంచులో ఒక కన్నం. అందులోంచి గాలం వేసి కూర్చుంటారు. మిల్ లాక్స్ అనే పెద్ద సరస్సు మీద ఇలాంటి గుడిసెలు వేల సంఖ్యలో వెలుస్తాయి. కొందరు రాత్రి అందులోనే నిద్రపోతారు కూడా.

అంత చలిలో హీటరు లేకుండా గడవదు. హీటరు కొనబోయేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న: "ఇది ఎంత వేడి ఇస్తుంది?" నన్నడిగితే అది రెండో ప్రశ్న కావాలి. మొదటి ప్రశ్న ఇది: "ఇందులో మండిన వాయువు ఎక్కడికి పోతుంది?"

అసలు మంటే లేని కరెంటు హీటరు పెట్టుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. లెక్క వేసి చూడండి. 12 వోల్టుల, 60 ఆంపియర్-గంటల కారు బ్యాటరీలో ఉండే శక్తి 720 వాట్-గంటలు. 1000 వాట్ల హీటరును అది ముప్పావు గంట కూడా నడపలేదు. సరస్సు నడుమ కరెంటు తీగలు ఉండవు. కనుక ఏదో ఒక ఇంధనాన్ని మండించక తప్పదు.

అక్కడ ఎక్కువగా వాడేది ప్రొపేను. మన వంటగ్యాసులో ప్రొపేను, బ్యూటేను రెండూ కలిసి ఉంటాయి. బ్యూటేను సుమారు సున్నా డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంతకంటే చల్లబడితే సిలిండరులో ద్రవంగానే ఉండిపోతుంది. ప్రొపేను అలా కాదు. అది సున్నాకు దిగువన 42 డిగ్రీల దాకా ఆవిరి అవుతూనే ఉంటుంది. అంచేత చలిదేశాలవారికి అదే అనువైనది.

మరి అది మండితే ఏమవుతుంది? ఒక ప్రొపేను అణువు మండడానికి 5 ఆక్సిజన్ అణువులు కావాలి. ఫలితంగా 3 కార్బన్ డై ఆక్సైడు అణువులు, 4 నీటి అణువులు పుడతాయి. 2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తు ఉన్న గుడిసెను ఊహించండి. అందులో పట్టే గాలి 10 ఘనపు మీటర్లు. ఏ సందూ లేకుండా మూసి, పొగగొట్టం లేని 1 కిలోవాటు ప్రొపేను హీటరును వెలిగిస్తే, గంటకు సుమారు 210 లీటర్ల ఆక్సిజన్ ఖర్చవుతుంది. గాలిలో 21 శాతం ఉన్న ఆక్సిజన్ గంటన్నరలోపే 18 శాతానికి దిగుతుంది. పుట్టిన నీటి ఆవిరి గోడల మీద, కిటికీ అంచుల మీద మంచులా పేరుకుంటుంది. గాలి వచ్చే చిన్న చిన్న సందులనూ అదే పూడ్చగలదు.

ఆక్సిజన్ చాలని మంట కార్బన్ డై ఆక్సైడుతో ఆగదు. కార్బన్ మోనాక్సైడును కూడా పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తరువాత వికారం, మగత. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి హెచ్చరిక. నిద్రపోతున్నవాడికి ఆ హెచ్చరిక కూడా అందదు. శీతాకాలపు గుడిసెల్లో మనుషులు చనిపోవడానికి ఇదొక కారణం.

"గాలి కోసం సందు వదిలితే వేడంతా పోదా?" అని సందును గుడ్డలతో కుక్కేవారు ఉన్నారు. దీనికీ లెక్కే జవాబు. మన గుడిసె ఉపరితలం 28 చదరపు మీటర్లు. బయట మైనస్ 20, లోపల 15 డిగ్రీలు అనుకుంటే తేడా 35. పలుచని ప్లైవుడ్ గోడలైతే, చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 4 వాట్ల చొప్పున, పోయే వేడి దాదాపు 3900 వాట్లు. మూడు సెంటీమీటర్ల నురుగు పలకలు తాపితే అది 1000 వాట్లకు తగ్గుతుంది. ఇక లోపలి గాలి గంటకు రెండుసార్లు పూర్తిగా మారేలా సందులు వదిలితే పోయేది సుమారు 270 వాట్లు మాత్రమే! 2900 వాట్లు మిగిల్చే గోడ పనిని వదిలేసి, 270 వాట్ల కోసం ప్రాణవాయువును అడ్డుకోవడం ఏం పొదుపు?

పొగగొట్టం లేని హీటర్లను సమర్థించేవారి మాటా వినాలి. అవి తేలిక, చవక. చేత్తో పట్టుకుపోవచ్చు. చాలావాటిలో ఆక్సిజన్ 18 శాతం దగ్గరికి పడిపోతే గ్యాసును ఆపేసే ఏర్పాటు కూడా ఉంటుంది. ఇది మంచి ఏర్పాటే, కాదనను. కాని అది కొలిచేది ఆక్సిజన్‌ను, కార్బన్ మోనాక్సైడును కాదు. బర్నరులో దుమ్ము చేరితే ఆక్సిజన్ సరిపడా ఉన్నా విషవాయువు పుట్టవచ్చు. పగటిపూట రెండు గంటలు మెలకువగా కూర్చునేవారు, పైనా కిందా సందులు తెరచి వాటిని వాడుకోవచ్చు. రాత్రి నిద్రకు మాత్రం అవి తగవు.

నిద్రపోయే గుడిసెకు తగినది, బయటి గాలినే పీల్చి, మండిన వాయువును గొట్టం ద్వారా బయటికే పంపే హీటరు. దాని మంటకూ మనం పీల్చే గాలికీ సంబంధం ఉండదు. తేమా లోపల చేరదు. ధర ఎక్కువే. కాని గోడలకు నురుగు పలకలు తాపితే చిన్న హీటరే సరిపోతుంది, గ్యాసూ మిగులుతుంది. దానికి తోడు కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మోగే గంట ఒకటి తప్పనిసరి. వెనుకటికి బొగ్గుగనుల్లో ఈ పని కెనరీ పిట్టలు చేసేవి. విషవాయువు మనుషులకంటే ముందు వాటికి తగిలేది. శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ సూచనతో వాడుకలోకి వచ్చిన ఆ పిట్టలకు బ్రిటన్ గనులు 1986లోగాని సెలవు ఇవ్వలేదు.

మన చెరువులు గడ్డకట్టవు కనుక ఈ గొడవ మనకెందుకు అనకండి. చలికి తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పక్కన పడుకునేవారు మన దేశంలోనూ ఉన్నారు. గాలి ఆడని స్నానాలగదుల్లో గ్యాసు గీజర్లు ఉన్నాయి. రసాయన సూత్రం మినెసోటాలో ఒకటి, మన ఇంట్లో మరొకటి కాదు. ఈరోజే మీ ఇంట్లో మంట వెలిగే ప్రతిచోటా నిలబడి ఒకసారి చూడండి: గాలి ఎటునుంచి వస్తోంది? మండిన వాయువు ఎటు పోతోంది? ఈ రెండింటిలో ఏ ఒక్కదానికి జవాబు దొరకకపోయినా, ఆ సంగతి వెంటనే మీ పెద్దవాళ్ళకు చెప్పండి.